అనుచరులు లేని పక్షమునకు నాయకుడు: సర్ చిర్రావూరి యజ్ఞేశ్వర చింతామణి

చోడవరము, శృంగవరపుకోట, విజయనగరము, బొబ్బిలి, సాలూరు మున్నగునవన్నియు ఒక్క విశాఖపట్టణము జిల్లాలోనివై యున్న కాలమది. విజయనగరము వేరు జిల్లా యగుట 1979లోను, చోడవరము అనకాపల్లి జిల్లాలో చేరుట 2022లోను జరిగినవి. ఆ పూర్వపు పెద్దజిల్లాలో, విక్రమనామ సంవత్సరపు ఉగాదినాడు, అనగా 1880 ఏప్రిల్ 10వ తేదీన, విజయనగరమునందు వేదపండితుడైన చిర్రావూరి రామసోమయాజులకు ఒక కుమారుడు కలిగెను. యజ్ఞేశ్వర చింతామణి అని ఆ బాలునకు పేరిడిరి. తండ్రితాతలు వేదము వల్లించిన ఇంట పుట్టిన ఆ బాలుడు పెరిగి పెద్దవాడై, ఆంగ్లభాషలో దినపత్రికను నడపి, ఆ పత్రికద్వారా ఒక రాజకీయ పక్షమునకు ప్రాణము పోసెను.

ఈ ప్రాంతపు పాఠశాలలలో గురజాడ పేరు, ఆదిభట్ల నారాయణదాసు పేరు వినని విద్యార్థి అరుదు. చింతామణి పేరు అడిగినచో ఉపాధ్యాయులు సైతము కొంత తడవు ఆలోచింపవలసి వచ్చును. ఇందుకు కారణములు దూరమున వెదకనక్కఱలేదు. ఆయన వ్రాసినదంతయు ఆంగ్లము. జీవితములో దాదాపు నలువదియేండ్లు గడపినది, నేడు ప్రయాగరాజు అని పిలువబడుచున్న అలహాబాదు. అంతకు మించి, ఆయన నిలిచిన పక్షము లిబరల్ పక్షము. జాతీయోద్యమ పాఠములో ఆ పక్షమునకు మితవాదులను పేరిట ఒక పేరా మాత్రమే దక్కును. గోఖలే మరణించిన సంవత్సరముతో ఆ పేరా ముగిసిపోవును. ఆ తరువాత వారేమైరో విద్యార్థికి తెలియదు. వారేమైరో తెలిసికొనుటకు చింతామణి జీవితము కంటె తగిన ఆధారము లేదు.

ఆయన విజయనగరము మహారాజావారి కళాశాలలో చదివెను గాని పట్టము పుచ్చుకొనలేదు. అప్పటి విజయనగరము చిన్న పట్టణమే యైనను అక్కడ చర్చలకు కొదువలేదు. కన్యాశుల్కము 1892లో అక్కడనే మొదట ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడినది. బాల్యవివాహము, వితంతువుల దురవస్థ, విదేశయానము అను విషయములు అరుగులమీద సైతము వాదోపవాదములకు గుఱియగుచుండెను. ఆ వాతావరణమున పెరిగిన యువకుడు పదునెనిమిదవ యేట విశాఖపట్టణమునుండి వెలువడుచున్న వైజాగ్ స్పెక్టేటర్ అను ఆంగ్లపత్రికకు సంపాదకుడయ్యెను. కొలదికాలములోనే ఆ పత్రికను తానే కొని, ఇండియన్ హెరాల్డ్ అని పేరు మార్చి, విజయనగరమునకు తరలించెను. సంపాదకుడు, విలేఖరి, ప్రూఫులు దిద్దువాడు, చందాలు వసూలు చేయువాడు అన్నియు ఆయనయే. ఇట్టి పత్రికలు ఆ దినములలో పుట్టినంత వేగముగా గిట్టుచుండెడివి. ఇండియన్ హెరాల్డ్ కూడ రెండేండ్లకు మించి నిలువలేదు. అప్పు మాత్రము మిగిలినది.

పిమ్మట చింతామణి చెన్నపట్టణము చేరెను. హిందూ పత్రిక సంస్థాపకులలో ఒకడైన జి. సుబ్రహ్మణ్య అయ్యరు చెంత పత్రికారచనలో తరిఫీదు పొందెను. 1901లో, అనగా ఇరువదియొకటవ యేట, భారతీయ సంఘసంస్కరణమును గూర్చి ఆంగ్లమున ఒక పెద్ద సంపుటమును ఆయన సంకలనము చేసి ప్రకటించెను. రానడే మున్నగు సంస్కర్తల ఉపన్యాసములు, వ్యాసములు అందు చేర్చెను. పట్టము లేని ఒక పల్లెటూరి యువకుడు ఇంతటి గ్రంథమును కూర్చెనా యని నాటి పెద్దలు ఆశ్చర్యపడిన యెడల అందు వింతలేదు. ఆ గ్రంథము నేటికిని చరిత్ర పరిశోధకులకు పనికివచ్చుచున్నది. 1905లో ఫిరోజిషా మెహతా ఉపన్యాసములను గూడ ఇట్లే సంపుటీకరించెను. చిన్ననాటనే ఇట్లు పెద్దల మాటలను సేకరించి, తేదీలు సరిచూచి, వరుసలో పెట్టుట ఆయనకు అలవాటయ్యెను. ఏ సంవత్సరము ఏ సభలో ఎవరు ఏమనిరో, ఏ బడ్జెటులో ఏ శాఖకు ఎంత కేటాయించిరో కాగితము చూడకుండ చెప్పగల జ్ఞాపకశక్తి ఆయనకుండెడిదని సమకాలికులందరును అంగీకరించిరి. ప్రతిపక్షులు ఆయన కలముకంటె ఆ జ్ఞాపకమునకే ఎక్కువ జంకుచుండిరట!

1903లో సచ్చిదానంద సిన్హా అలహాబాదునుండి ఇండియన్ పీపుల్ అను పత్రికను స్థాపించెను. ఆ పత్రికలో పనిచేయుటకు చింతామణి ఉత్తరదేశమునకు వెళ్లెను. 1909 అక్టోబరులో మదనమోహన మాళవీయ పూనికతో లీడర్ అను ఆంగ్ల దినపత్రిక ఆరంభమైనది. ఇండియన్ పీపుల్ అందు లీనమైనది. మోతీలాల్ నెహ్రూ ఆ సంస్థకు తొలి అధ్యక్షుడు. మొదట నాగేంద్రనాథ గుప్తతో కలిసియు, త్వరలోనే ఒంటిగను సంపాదకత్వము వహించిన చింతామణి, మంత్రిపదవి నధిష్ఠించిన కొలదికాలము మినహా, దాదాపు పాతికేండ్లు ఆ పత్రికకు సర్వస్వమై నిలిచెను. గంగాయమునా సంగమస్థలమున, హిందీ ఉర్దూ మాటలాడు ప్రజల నడుమ, ఒక తెలుగువాడు ఒక రాష్ట్రపు ప్రజాభిప్రాయమును తీర్చిదిద్దెను. శ్రీనివాసశాస్త్రి ఆయనను భారత పత్రికాలోకపు పోపుగా పేర్కొనుట మెప్పుకోలో, కొంత చమత్కారమో చెప్పుట కష్టము. లీడర్ సంపాదకీయములోని తీర్పుకు అప్పీలు లేదని చింతామణి నమ్మెడివాడనుట మాత్రము నిజము.

ఆ నమ్మకమే మోతీలాలుతో తగవునకు మూలమైనది. యజమాని సంఘపు అధ్యక్షుడు ఒక దారి పట్టగా సంపాదకుడు మఱియొక దారి పట్టెను. మోతీలాల్ హోంరూలు ఉద్యమమువైపు, తరువాత గాంధీవైపు మొగ్గుచుండెను. చింతామణి పత్రికావిధానమును మార్చుటకు ఒప్పుకొనలేదు. మోతీలాల్ లీడరును వీడి 1919 ఫిబ్రవరిలో ఇండిపెండెంట్ అను పోటీపత్రికను నెలకొల్పెను. ధనమునకు, పలుకుబడికి కొదువలేని ఆ పత్రిక కొన్నియేండ్లు మాత్రమే నడచినది. లీడర్ నిలిచినది.

ఇక పక్షము మాట. 1918 జూలైలో మాంటేగు చెమ్సుఫర్డు సంస్కరణల నివేదిక వెలువడెను. అది చాలదు, నిరాశాజనకమని కాంగ్రెసులో అధికసంఖ్యాకులు తలంచిరి. చాలకున్నను పుచ్చుకొని, దానిని ఉపయోగించి, మిగిలినది సాధింపవలెనని పాతతరమువారు వాదించిరి. ఆ సంవత్సరము నవంబరులో వారు బొంబాయిలో వేరుగా సభ జరిపి, సురేంద్రనాథ బెనర్జీని అధ్యక్షునిగా ఎన్నుకొనిరి. జాతీయ లిబరల్ ఫెడరేషను ఇట్లు పుట్టినది. శ్రీనివాసశాస్త్రి, తేజ్ బహదూర్ సప్రూ, శివస్వామి అయ్యరు, చిమన్‌లాల్ సెతల్వాడ్, హృదయనాథ కుంజ్రూ వంటి మేధావులు ఆ పక్షమున నుండిరి. దేశములో మఱి ఏ పక్షమునకును ఇంత చిన్న సభలో ఇంత పాండిత్యము లేదు. ప్రధాన కార్యదర్శి చింతామణి. 1920 డిసెంబరులో నాగపురమున కాంగ్రెసు సహాయనిరాకరణమును స్థిరపఱచుచుండగా, అదే నెలలో చెన్నపట్టణమున చేరిన లిబరల్ మహాసభకు చింతామణి అధ్యక్షత వహించెను. అప్పటికి ఆయనకు నలువదియేండ్లు. ఒకచోట వేలకొలది ప్రతినిధులు. రెండవచోట కొన్ని వందలమంది వకీళ్లు, సంపాదకులు. దేశము ఎటు పోవుచున్నదో లెక్కలు తెలిసిన చింతామణికి తెలియకపోలేదు.

లిబరల్ పక్షము ప్రభుత్వమునకు భజనచేయు పక్షమని నాడు ప్రచారము జరిగినది. ఇది సరిగాదు. 1919లో రౌలట్ బిల్లును కేంద్ర శాసనసభలో శ్రీనివాసశాస్త్రి ఖండించిన తీరు ప్రసిద్ధమే. వారికిని కాంగ్రెసువారికిని ఉన్న భేదము గమ్యమునకంటె మార్గమునకు సంబంధించినది. శాసనమును ధిక్కరించుట ఒకసారి ప్రజలకు అలవాటయినచో రేపు స్వరాజ్యము వచ్చిన పిమ్మట ఆ అలవాటు పోదని వారి భయము. ఆ భయము వట్టిదని నేటి పాఠకుడు కూడ తేలికగా చెప్పజాలడు. కాని శాసనమే అన్యాయముగ నున్నప్పుడు, దానిని మార్చు అధికారము ప్రజలచేత లేనప్పుడు, వినతిపత్రములు ఎన్ని తరములు వ్రాయవలెనను ప్రశ్నకు లిబరల్ పక్షమువద్ద సమాధానము లేకపోయినది.

1920 చివర జరిగిన ఎన్నికలను కాంగ్రెసు బహిష్కరించెను. అందుచేత లిబరలులకు అవకాశము చిక్కినది. 1916 నుండి సంయుక్త పరగణాల శాసనమండలిలో సభ్యుడైన చింతామణి 1921 జనవరిలో విద్యాశాఖకు, పరిశ్రమలకు మంత్రియయ్యెను. స్థానిక పరిపాలనాశాఖ జగత్ నారాయణునకు లభించినది. ఆ కాలపు ద్వంద్వప్రభుత్వమును గుఱించి ఇచట కొంత చెప్పవలసియున్నది. విద్య, వైద్యము, వ్యవసాయము, పరిశ్రమలు, స్థానికసంస్థలు మంత్రులకు. ఆర్థికము, భూమిశిస్తు, పోలీసు, న్యాయము గవర్నరుకు, ఆయన కార్యాలోచనసభ్యులకు. పాఠశాల కట్టించు బాధ్యత మంత్రిది. అందుకు కావలసిన డబ్బు ఆర్థికశాఖ చేతిలోనిది. మంత్రిక్రింద పనిచేయు పెద్ద అధికారులు సివిల్ సర్వీసువారు. వారి నియామకము, బదిలీ, శిక్ష మంత్రి వశమున లేవు. వారు కావలెననుకొన్న మంత్రిని దాటి నేరుగా గవర్నరును చూడవచ్చును. ఇట్టి బండికి చింతామణిని కట్టిరి.

అయినను ఆయన చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. కలకత్తా విశ్వవిద్యాలయ సంఘము 1919లో చేసిన సూచనలను అనుసరించి, ఇంటర్మీడియట్ విద్యను విశ్వవిద్యాలయములనుండి వేరుచేసి, ఉన్నత పాఠశాల, ఇంటర్మీడియట్ పరీక్షలకు ఒక ప్రత్యేక మండలిని ఏర్పఱచు చట్టము ఆయన హయాములో 1921లో వచ్చినది. ఆ మండలి తొలి పరీక్షలను 1923లో జరిపెను. నేడు ప్రతిసంవత్సరము లక్షలకొలది విద్యార్థులు వ్రాయుచున్న ఉత్తరప్రదేశ్ బోర్డు పరీక్షలు ఆ మండలివే. ఆంధ్రప్రదేశములో ఇంటర్మీడియట్ విద్యామండలి 1971లోగాని ఏర్పడలేదన్నచో ఆ పని ఎంత ముందుచూపుతో జరిగినదో ఉపాధ్యాయులకు వేరుగ చెప్పనక్కఱలేదు. అలహాబాదు విశ్వవిద్యాలయమును కేవలము పరీక్షలు జరుపు సంస్థగా కాక, బోధనచేయు విశ్వవిద్యాలయముగా మార్చిన చట్టము కూడ 1921లోనిదే. పట్టము లేనివాడు ఒక విశ్వవిద్యాలయమును పునర్నిర్మించెను!

గవర్నరు హార్కోర్టు బట్లరు మంత్రులతో సఖ్యముగ మెలగినంతకాలము బండి నడచినది. 1922 డిసెంబరులో ఆయన వెళ్లిపోయి సర్ విలియం మారిస్ వచ్చెను. కొత్త గవర్నరుతోను, సివిల్ సర్వీసు అధికారులతోను మంత్రులకు పొత్తు కుదరలేదు. తనశాఖలో తనమాట చెల్లనప్పుడు ఆ పదవి యెందులకని చింతామణి తలంచెను. 1923లో ఆయనయు, జగత్ నారాయణుడును కలిసి రాజీనామా చేసిరి. మంత్రులకు ఉమ్మడి బాధ్యత యను నియమము చట్టములో ఎక్కడను లేదు. ఆ ఇద్దరు మాత్రము ఉన్నట్లే ప్రవర్తించిరి. పదవినుండి దిగిన మఱుసటి సంవత్సరము, సంస్కరణల అమలును విచారించుటకు మడ్డిమన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము ఎదుట చింతామణి సాక్ష్యమిచ్చెను. లోపలనుండి చూచినవాడు గనుక తేదీలతో, ఉదాహరణములతో ద్వంద్వప్రభుత్వపు కీళ్లన్నియు విప్పి చూపెను. పైపై మరమ్మతులతో అది బాగుపడదని ఆయన నిర్ధారణ. సంస్కరణలను స్వీకరింపవలెనని 1918లో కాంగ్రెసుతో తెగతెంపులు చేసికొన్న మనుష్యుడు, ఆఱేండ్లు గడచునప్పటికి, అవి పనికిరావని నిరూపించు బలమైన సాక్షి యయ్యెను. ఆయన జీవితములో ఇంతకంటె కఠినమైన ఘట్టము లేదు. తన పక్షపు మూలసూత్రమును తానే ప్రయోగించి చూచి, ఫలితమును దాచక చెప్పెను.

ఆ నిజాయితీకి ఓటర్లు బహుమానమేమియు ఇయ్యలేదు. 1923 చివర ఎన్నికలలో స్వరాజ్యపక్షము బరిలోనికి రాగా లిబరలులు దేశమంతట చిత్తుగా ఓడిరి. వంగదేశమున సురేంద్రనాథ బెనర్జీయంతటివాడు, అప్పటికి రాజకీయములకు కొత్తవాడైన డాక్టరు బిధాన్ చంద్ర రాయ్ చేతిలో ఓడెను. 1923 నుండి 1927 వరకు చింతామణికి శాసనమండలిలో స్థానము లేదు. ఓటుహక్కు జనములో నూటికి ఇద్దరు ముగ్గురికి మించి లేని కాలమున సైతము లిబరలులు గెలువలేకపోయిరి. గ్రామములలో వారికి శాఖలు లేవు. దేశభాషలలో పత్రికలు అంతంతమాత్రము. సంవత్సరాంతమున ఒక పట్టణమున సభచేరి, చక్కని ఆంగ్లమున తీర్మానములు చేసి, రైలెక్కి ఇండ్లకు పోవుట వారి కార్యక్రమము. చింతామణి తెలుగువాడయ్యును తెలుగులో ఒక పత్రికను నడపలేదు. ఆయన సంపాదకీయమును చదివి గవర్నరు కలవరపడెడివాడు. చోడవరము సంతకు పోవు రైతుకు మాత్రము ఆయన యెవరో తెలియదు. గాంధీని ఎఱుగని రైతు లేడు.

ఈ దౌర్బల్యము మనదేశపు లిబరలులకు మాత్రమే చెందినది కాదు. జర్మనీలో మొదటి ప్రపంచయుద్ధానంతరము 1919లో నూటికి పదునెనిమిది పైగా ఓట్లు పొందిన ఉదారవాద ప్రజాస్వామ్యపక్షము, 1932 నాటికి నూటికి ఒక్క ఓటుకు దిగజారినది. 1933లో హిట్లరు సర్వాధికారములు కోరుచు తెచ్చిన చట్టమునకు ఆ పక్షమున మిగిలిన అయిదుగురు సభ్యులును అనుకూలముగా ఓటువేసిరి. వారిలో థియొడోర్ హ్యూస్ అను పత్రికాసంపాదకుడొకడు. ఆయనయే 1948లో స్వేచ్ఛా ప్రజాస్వామ్యపక్షమను చిన్న పక్షమును స్థాపించి, 1949లో పశ్చిమ జర్మనీ తొలి అధ్యక్షుడయ్యెను. ఓట్ల నిష్పత్తినిబట్టి స్థానములు లభించు ఎన్నికల పద్ధతి యుండుటచే, ఆ చిన్నపక్షము ఒకసారి ఒక పెద్దపక్షముతో, ఇంకొకసారి వేఱొక పెద్దపక్షముతో చేరి దశాబ్దములపాటు ప్రభుత్వములను నిలుపుచు దింపుచు వచ్చెను. నూటికి అయిదు ఓట్లు రానిచో పార్లమెంటులో స్థానములు దొరకుట కష్టమను నిబంధన వలన 2013లోను, మఱల 2025లోను బయట నిలువవలసి వచ్చినది. చింతామణి పక్షమునకు ఇట్టి నిష్పత్తుల ఆసరా లేదు. ఇటు ప్రజలును అటు ప్రభుత్వమును ఒకేసారి విడనాడగా, ఆ పక్షమునకు పత్రిక యొక్కటియే మిగిలినది.

1927 నవంబరులో ఒక్క భారతీయుడైనను లేని సైమను సంఘము నియమింపబడగా లిబరలులు సైతము దానిని బహిష్కరించిరి. అప్పటికి శాసనమండలికి తిరిగివచ్చిన చింతామణి ఆ బహిష్కారమునకు గట్టి మద్దతు నిచ్చెను. 1930లో లండనునందు జరిగిన మొదటి రౌండుటేబిల్ సమావేశమునకు లిబరల్ ప్రతినిధులలో ఒకడుగా వెళ్లెను. కాంగ్రెసు నాయకులు చెఱసాలలలో నుండగా జరిగిన ఆ సమావేశమున స్వపరిపాలనకై ఎంత వాదించినను, దేశములో దానిని విని సంతోషించువారు కొలదిమందియే. 1931లో బొంబాయి లిబరల్ మహాసభకు రెండవసారి అధ్యక్షుడయ్యెను. 1932లో మతములనుబట్టి స్థానములు పంచుచు బ్రిటిషు ప్రధాని ప్రకటించిన కమ్యూనల్ అవార్డును ఆయన తీవ్రముగా నిరసించెను. 1936 వరకు శాసనమండలిలో ప్రభుత్వమును ప్రశ్నించుచునే యుండెను.

జన్మభూమికి ఆయన చేసిన గొప్పసేవ చివరిదశలో జరిగినది. విశాఖపట్టణమున నెలకొనియున్న ఆంధ్రవిశ్వకళాపరిషత్తునందు ఆయన ఉపన్యాసములిచ్చెను. 1857 నాటి తిరుగుబాటు మొదలు తన కాలమువఱకు నడచిన భారతరాజకీయముల చరిత్ర అందలి విషయము. 1937లో ఆ ఉపన్యాసములను పరిషత్తువారే గ్రంథముగ ప్రకటించిరి. అందు ఆయన తాను చూచిన మనుష్యులను, తాను కూర్చుండిన సభలను తూకముతప్పక వర్ణించెను. తనతో తగవుపడినవారిని గూర్చి వ్రాయునప్పుడు సైతము కలము అదుపు తప్పలేదు. పదునెనిమిదవ యేట పత్రికతో బయలుదేరిన పట్టణమునకే, నలువదియేండ్ల అనుభవమును మూటగట్టి ఆయన తెచ్చి యిచ్చినట్లయినది.

1939లో ప్రభుత్వము సర్ బిరుదమిచ్చెను. 1941 జూలై 1వ తేదీన అలహాబాదున చింతామణి కన్నుమూసెను. ఆయన కుమారుడు బాలకృష్ణరావు ఐ.సి.ఎస్. ఉద్యోగియై, హిందీ కవిగా పేరొందెను. తాత వేదము వల్లించెను, తండ్రి ఆంగ్లమున వ్రాసెను, మనుమడు హిందీలో కవిత్వము చెప్పెను. ఆ ఇంట తెలుగు ఏమైనదో అను విచారము తెలుగు పాఠకునకు కలుగక మానదు.

లిబరల్ ఫెడరేషను స్వాతంత్ర్యము వచ్చునాటికే చల్లబడినది. మరణమునకు ముందు సంవత్సరము, 1940లో, చింతామణి భారత రాజ్యాంగము నడచుచున్న తీరుపై ఒక గ్రంథమును మినూ మసానీ యను యువకునితో కలిసి ప్రకటించెను. ఆ మసానీ 1959లో రాజాజీతో, నిడుబ్రోలు వాస్తవ్యుడు ఆచార్య రంగాతో కలిసి స్వతంత్ర పక్షమును నిర్మించెను. రంగా దానికి తొలి అధ్యక్షుడు. ఆ పక్షము రైతులవద్దకు, వారి భాషలోనే పోయినది. 1967 ఎన్నికలలో లోకసభలో నలువదినాలుగు స్థానములు గెలుచుకొన్నది. అందొకటి విజయనగరమునకు పొరుగుననున్న శ్రీకాకుళము, గెలిచినవాడు రంగా. ఆ సంవత్సరముననే అలహాబాదున లీడర్ పత్రిక ఆగిపోయినది.